మంచె వెనక సున్నా

కవితాళ కాలువ కింద వరి పాలుపోసుకుంటున్న రోజులవి. సీతారావమ్మ మంచెక్కి, వడిసెలతో పిట్టలు తోలుతూనే పదో తరగతి లెక్కలు చేసుకునేది. చివరికి ఆ లెక్కే ఆమె కొంప ముంచేలా ఉంది.

"నీ బిడ్డ నిన్న సాయంత్రం ఇసిరిన రాయి నా అంబలి సట్టి పలగ్గొట్టింది, యలమందయ్యా!" అంటూ పక్క పొలం జంబన్న పెంకులు పట్టుకొచ్చాడు.

"సట్టి ఎక్కడ పెట్టావయ్యా?" అన్నాడు ఆమె తండ్రి.

"మీ మంచె ఎనక, తుమ్మచెట్టు కింద."

"పిట్టలు ముందుంటే వెనక్కెందుకు విసురుతాను మామా?" అంది సీతారావమ్మ.

"నిన్న నువ్వే జెప్పితివి గద, రాయి లెక్కకు రెండు సున్నాలుంటయని! కాలువ కొలిచే గొలుసుతోని ముందట ఆరు గొలుసుల కాడ ఒకటి, ఎనక రెండు గొలుసుల కాడ ఇంకోటి. కొలుచుకో, నా సట్టి ఆడనే ఉండె!"

నిజమే. నిన్న గొప్పకు పోయి మట్టిలో గీసి మరీ చూపించింది. రాయి ఎత్తు సున్నా అయ్యే చోటు, అంటే నేల తాకే చోటే ఆ లెక్కకు సున్నా. వర్గమున్న లెక్క గనక రెండొచ్చాయి: ఆరు, మైనస్ రెండు.

"రాయి వెనక్కి పోతుందని పుస్తకంలోనే ఉంటే ఇంకేముంది? రేపట్నుంచి బడీ లేదు, గిడీ లేదు!" అన్నాడు యలమందయ్య.

సీతారావమ్మ మంచె దిగి తండ్రి ముందుకొచ్చింది.

"నాన్నా, లెక్కకి మంచె సంగతి తెలీదు. రాయి ఇక్కణ్ణించే బయల్దేరిందనీ తెలీదు. ఆ వంపుని వెనక్కి సాగదీస్తే నేల తగిలే చోటది, అంతే. రాయి అటు పోనే పోదు! కావాలంటే నువ్వే విసిరి చూడు. గట్టిగా విసరాలి సుమా!"

యలమందయ్య పంచె ఎగ్గట్టి మంచెక్కాడు. జంబన్న మధ్యాహ్నానికి దాచుకున్న రెండో సట్టిని పంతంగా తీసుకెళ్ళి అదే తుమ్మ కింద పెట్టొచ్చాడు.

వడిసెల గిర్రున తిరిగింది. మరీ గట్టిగా తిప్పితే కొస వదిలే అదును తప్పుతుందని సీతారావమ్మకు నిన్న సాయంత్రమే తెలిసొచ్చింది. ఆమె గబుక్కున మంచె కిందికి దూరింది.

ముందు ఒక్క పిచ్చుకా లేవలేదు. వెనక ఠప్పుమంది.

"సూస్తివా! రెండో సున్నా!" అని జంబన్న గంతేశాడు. అంబలి పోయిందన్న సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది.

కింద నించి సన్నగా వినిపించింది: "మరి నువ్వేం మానేస్తావు నాన్నా?"

యలమందయ్య వడిసెల వంక చూశాడు, తుమ్మ వంక చూశాడు, మెల్లగా దిగాడు.

"జంబన్నా, ఇవాళ మా ఇంట్లో తిను. అమ్మాయ్, నువ్వు రేపు బడికెళ్ళి ఆ వెనక సున్నా సంగతేంటో మీ మాస్టార్ని గట్టిగా అడిగిరా."

"అందాంక నా అంబలి ఏడ పెట్టాలె?" అన్నాడు జంబన్న.

"ముందు నాలుగో గొలుసు దగ్గర పెట్టుకో మామా. అక్కడ రాయి నెత్తి మీంచి పోతుంది."