గాల్లో చక్రం

"ఆ అన్నం గిన్నె దించి ఇట్రా. చక్రం తిప్పుదువుగానీ!"

వాకిట్లోంచి మా ఆయన కేక. అంత హుషారుగా నన్ను పిలవడం అరుదు. తొమ్మిదో నెల కడుపుతో మెల్లగా బయటికొచ్చాను. వేలంలో కొన్న మిలిటరీ జీపు, వెనక చక్రం ఒకటి జాకీ మీద గాల్లో ఉంది. మా జీతగాడు జంపయ్య ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి పక్కకు తప్పుకున్నాడు.

"తిప్పు. బలంగా తిప్పు."

రెండు చేతులతో తిప్పాను. కదల్లేదు.

"చూసినవా అమ్మా! లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ అంటే గిదీ. ఒక చక్రం బురదల ఊకె తిరిగినా రెండోది గట్టి నేల పట్టుకొని లాగుతది. చక్రం గిట్ల బిగుసుకుందంటే లోపలి సామాను మంచిగున్నట్టే!"

తిప్పింది నేను. చెప్పింది మంచం మీదున్న మా అత్త రాఘవమ్మకి.

"ఇంకేం భయం? నొప్పులొస్తే భద్రాచలం ఎంతసేపు?" అంది అత్త. "ఈమేమో ఇప్పట్నించే దవాఖానా పక్కన గది కిరాయికి తీసుకొని ఉంటదంట. జనం నవ్వరూ?"

కిందటి వానాకాలం నొప్పులొచ్చింది నాకే. పాత జీపు వాగు ఒడ్డున దిగబడి, ఒక చక్రం బురద చిమ్ముతూ గిరగిరా తిరుగుతుంటే, రెండోది కదలకుండా నిలబడిపోయింది. "బరువు పడాలె, వెనక బంపరెక్కు" అన్నాడాయన. ఎక్కాను. నొప్పి వచ్చినప్పుడల్లా జీపు రేకు పట్టుకుని నిలబడ్డాను. దవాఖానా చేరేసరికి ఆలస్యమైంది. పుట్టిన బిడ్డ ఏడవలేదు. ఆ తర్వాత పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఆయన ఆ కథ చెప్పి నవ్వించేవాడు: "మా ఆవిడ ఇంకొంచెం బరువున్న మనిషైతే బండి అప్పుడే పైకొచ్చేది!" అందరితోపాటు నేనూ నవ్వేదాన్ని. రాత్రిళ్లు పక్క మీద పడుకుని నిజంగానే నా బరువు చాల్లేదేమో అనుకునేదాన్ని. ఆ మాట చెప్పుకోడానికి ఆ ఇంట్లో ఒక్క మనిషి లేదు.

చక్రం వదిలి తలెత్తితే జీపు లోపల గేరు రాడ్ కంటపడింది, గేరులోనే ఉంది. మా అడవి దారుల్లో ఎత్తుపల్లాలు ఎక్కువ. పైగా ఈ బండికి హ్యాండ్‌బ్రేక్ లేనట్టే. అందుకని ఎక్కడ ఆపినా గేరులోనే వదలడం ఆయన చేతికి అలవాటు. ఖమ్మంలో మెకానిక్ హరిలాల్ ఈ పరీక్ష చెప్పినప్పుడు, "న్యూట్రల్ల పెట్టి తిప్పాలె సార్, గేరులుంటే ఏ బండి చక్రమూ తిరగదు" అన్నాడు. మా ఆయన అప్పుడు పక్కవాళ్లకి తన అడవిపంది వేట కథ చెబుతున్నాడు. విన్నది సీట్లో కూర్చున్న నేను.

"ఏవండీ, బండి గేరులో ఉంది."

"ఏందీ?"

"న్యూట్రల్ చేసి చూడమన్నాడు కదా హరిలాల్."

ఆయన పడీ పడీ నవ్వాడు. "విన్నవారా జంపయ్యా, మీ దొరసాని డ్రైవరైంది! పో, పో, పప్పు మాడుతుంది చూసుకో."

జంపయ్య తల దించుకున్నాడు. నేను పప్పు దించాను, వడ్డించాను, ఎంగిలి కంచాలు తీశాను. ఆయన మోటార్ సైకిలెక్కి కల్లూరు వెళ్లాడు. వచ్చేపోయేవాళ్లు చూడాలని జీపు అలాగే జాకీ మీద ఉంచమన్నాడు.

అత్త కునుకు తీస్తోంది. జీపులోకి చెయ్యి పెట్టి గేరు రాడ్ మధ్యకి, న్యూట్రల్‌లోకి లాగాను. ముందు చక్రాలకు పెట్టిన రాళ్లు గట్టిగా ఉన్నాయో లేదో చూసుకున్నాను. గాల్లో ఉన్న చక్రం మీద చెయ్యి వేసి తోశాను.

తిరిగింది. పట్టూ లేదు, బిగువూ లేదు. ఒక్క చేత్తో తోస్తే తిరుగుతూనే ఉంది. అంటే మళ్లీ బురదలో పడితే తిరిగేది ఇదొక్కటే. ఆయన మళ్లీ వెనక్కి చూస్తాడు, నన్ను బంపరెక్కమంటాడు. చక్రం తిరగడం ఆగేదాకా అక్కడే నిలబడి చూశాను.

చెప్పాలి. ఎవరికి? ఆయనకు చెబితే మళ్లీ నవ్వుతాడు. ఆకాశం కిన్నెరసాని వైపు నల్లబడుతోంది. వాగులో ఇవాళ పాదాలు మునిగేంత నీళ్లే. రేపటి సంగతి తెలీదు.

రెండు చీరలు, బిడ్డకని కుట్టిన పాత గుడ్డలు సంచిలో పెట్టుకున్నాను. గడప దాటుతుంటే అత్త లేచింది.

"ఎటు పోతున్నవ్?"

"భద్రాచలం."

"ఇంటి ముందర జీపు పెట్టుకొని బస్సులనా? వాడొస్తే నేనేం చెప్పాలె?"

"ఆ చక్రం తిప్పి చూడండత్తయ్యా. ఆయనకి మీరే చెప్పండి."

వాగు దాటి రోడ్డెక్కేసరికి చినుకులు మొదలయ్యాయి. బస్సు ఆగింది. కండక్టరు నా కడుపు చూసి కంగారుపడ్డాడు.

"అమ్మా, ఎంబడి ఎవరూ లేరా?"

పెళ్లయిన నాటినుంచీ ఈ ప్రశ్నకు అందరికీ ఉన్నారని అబద్ధమే చెప్పాను.

"లేరు," అన్నాను. "భద్రాచలం ఒకటివ్వు."