గేటు దగ్గర విచారణ

చెన్నకేశవులు మూడో అంతస్తు నుంచి పడి ఐదు రోజులైంది. కాలు మోకాలి దాకా నల్లబడింది. ఆసుపత్రికి తీసుకుపోతానని భార్య గౌరి బతిమాలితే, స్లాబు పడేదాకా ఎవరూ కదలొద్దన్నాడు మేస్త్రీ గోపీకృష్ణ. ఢిల్లీ పక్కన గురుగ్రామ్ దాటాక పొలాల మధ్య కడుతున్న అపార్ట్‌మెంట్లవి. చుట్టూ రేకుల ప్రహరీ, గేటుకు తాళం. పాలమూరు నుంచి తెచ్చిన నలభై మంది ఫోన్లూ చెన్నకేశవులు పడ్డ రోజే మేస్త్రీ గుంజుకున్నాడు.

గుంజుకునేలోపు గౌరి ఒక్క ఫోను చేయగలిగింది, భవ్యశ్రీకి. పేదల కేసులు ఉచితంగా వాదించే సంఘంలో వకీలు ఆమె. ఇదివరకు వీళ్ల ఊళ్లో మీటింగు పెట్టి తన నంబరిచ్చింది.

గౌరి రోజూ కురుమూర్తి స్వామికి దండం పెట్టుకుంటుంది. స్వామి చూస్తున్నాడని ఆమెకు నమ్మకమే. చూస్తూ ఎందుకు ఊరుకున్నాడన్నదే అర్థం కాలేదు.

భవ్యశ్రీ అర్జీ మీద లేబర్ ఆఫీసరు జీపులో వచ్చాడు. వెంట వచ్చిన ఆమెను మాత్రం వాచ్‌మన్ గేటు బయటే ఆపేశాడు. ఆఫీసరుకు తెలుగు రాదు, వీళ్లకు హిందీ రాదు. మధ్యలో మేస్త్రీ నిలబడ్డాడు.

భర్త కాలు, తాళం, ఫోన్లు, అన్నీ చెప్పింది గౌరి. మేస్త్రీ హిందీలో రెండు ముక్కలు పలికాడు. ఆఫీసరు "అచ్ఛా" అని రాసుకున్నాడు.

"నేను గంతసేపు జెప్తి. నువ్వు గింతట్లనే ముగిస్తివేంది?"

"అందరు మంచిగున్నరని జెప్పిన. ఎప్పుడు పోవాల్నంటే అప్పుడు పోవచ్చని జెప్పిన. సారు రాసుకున్నడు. ఇగ కూసో."

"గట్లనా." గౌరి కూలీల వైపు తిరిగింది. "అయితే పాండ్రి, పోదం."

ఎవరూ కదల్లేదు. ముసలి కుర్మయ్య గొంతు తగ్గించాడు. "వొద్దు బిడ్డా. సారు పోయినంక మనల సంపుతడు."

"ఉంటే బతికిస్తడా మామా?"

చంటిపిల్లను చంకనేసుకుని లీలావతి మొదట మూట ఎత్తుకుంది. "నా మొగుడు రేపు పడితే గూడ గిట్లనే పండవెడ్తరు," అంది. నలుగురు లేచి చెన్నకేశవులును సెంట్రింగ్ చెక్క మీద ఎత్తుకున్నారు. ఇక ఎవరూ ఆగలేదు. నలభై మందీ పోయి గేటుకు ఆనుకుని కూర్చున్నారు.

వెనకాలే వచ్చిన జీపు ఆగింది. ఆఫీసరు తల బయటపెట్టి విసుక్కున్నాడు. మేస్త్రీ తాళంచెవి పట్టుకుని నిలబడిపోయాడు. జీపు కోసం గేటు తీస్తే నలభై మందీ బయటపడతారు.

"ఏమంటుండు బిడ్డా?" గౌరి గేటు సందులోంచి అడిగింది.

"తనను బయటికి పోనివ్వమంటున్నారక్కా," అంది భవ్యశ్రీ.

"మేము గూడ గదే అంటున్నమని జెప్పు."

భవ్యశ్రీ చెప్పింది. కాలు గురించి, తాళం గురించి, ఫోన్ల గురించి, ఒక్క మాట వదలకుండా హిందీలో చెప్పింది. ఆఫీసరు తను రాసిన కాగితం వైపు చూశాడు. మేస్త్రీ కర్ర తెమ్మని వాచ్‌మన్‌ను కేకేశాడు.

ఎవరూ లేవలేదు. కుర్మయ్య జరిగి జరిగి గౌరి ముందుకొచ్చి కూర్చున్నాడు.