మా ఆవిడకి కుదరదు

మా ఆయన ప్రేమ్ సంచీ నిండా కవళ్ళ చేపలు తెచ్చి, సింకు పక్కన పడేసి స్నానానికి వెళ్ళిపోయాడు. నాకేమో పొద్దుటే ఎమ్మెస్సీ వాళ్ళకి క్లాసు చెప్పాలి. పొలుసు గీకుతుంటే వేళ్ళకి వెండి అంటుకుంటోంది. ఆ మెరుపు రంగు కాదు. చర్మంలో సన్నటి స్ఫటికాలు పొరలు పొరలుగా పేరుకుని వెలుగుని తిప్పికొడతాయి, అంతే. ఈవేళ పాఠం దీంతోనే మొదలుపెడదామని చేపని కిటికీ వైపు తిప్పి చూస్తున్నాను.

"అలా సూస్తా కూకుంటే కూరుడుకుతాదేటి?" అంది గుమ్మంలోంచి మా అత్త ఈశ్వరమ్మ.

పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను చేసే పనేమిటో ఈ ఇంట్లో ఎవరూ అడగలేదు. బంగారు పూత మీద కంటికి ఆననంత చిన్న రంధ్రాలు వేస్తే, వాటిలోంచి వచ్చే వెలుగు రంగుని బట్టి చేపకి కుళ్ళకుండా ఫార్మాలిన్ మందు పట్టించారో లేదో చెప్పొచ్చు. అదీ నా పరిశోధన. చుట్టాలొస్తే ప్రేమ్ "మా ఆవిడది బంగారం పని" అని నవ్విస్తాడు. ట్యూబులైటు కొట్టుకుంటే "ఎలుగు మీదే కదా నీ డాక్టరేటు, సూడు మరి" అంటాడు. యూనివర్సిటీలో ఇంకో రకం. ఎవరు అతిథిగా వచ్చినా పూలగుత్తి అందించేది నేను, టీ సంగతి చూసేది నేను. "మీ చెయ్యి పడితే అన్నీ సవ్యంగా ఉంటాయి మేడమ్" అంటారు మా హెడ్. లేజరు అమర్చేటప్పుడు అదే చెయ్యి ఆయనకి కనపడదు.

ఆ రంధ్రాలు వేసే యంత్రం మా బరంపురంలో లేదు. ఇన్నేళ్ళూ ఎవరెవర్నో బతిమాలి నమూనాలు చేయించుకున్నాను. చివరికి బెంగళూరులో ఒక ప్రయోగశాల వాళ్ళు, ఒక సెమిస్టరు వచ్చి మా దగ్గరే పని చేసుకోండని పిలిచారు. ఆ కబురు తెలిసిన రోజు ల్యాబు తలుపేసుకుని ఏడ్చాను. యూనివర్సిటీ తరఫున పేరు పంపాల్సింది మాత్రం హెడ్.

క్లాసు అయ్యాక ఆయన గదికి వెళ్ళాను.

"పేరు పంపేశాను మేడమ్" అన్నారు ఒడియాలో, తలెత్తకుండానే. "అర్జున్ వెళ్తున్నాడు."

అర్జున్ నిన్నగాక మొన్న చేరిన లెక్చరరు. ఈ పనిలో ఓనమాలు నా దగ్గరే దిద్దాడు.

"సర్, వాళ్ళు పిలిచింది నన్ను."

"నిన్న మీ ఆయనకి ఫోన్ చేశాను కదా. మా ఆవిడకి కుదరదన్నారు. పాపకి పరీక్షలట." ఆయన గొంతులో జాలి కూడా ఉంది. "మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని ఆయన్నే అడిగాను."

నాకూ ఫోనుంది. ఆ గదికి పక్క గదిలోనే నేనూ ఉన్నాను. లేచి వచ్చి తలుపు తట్టి అడిగితే పోయేదానికి, గోపాలపూర్ పోర్టు దగ్గర రవాణా కంపెనీలో లారీలు పంపించే మనిషికి ఫోన్ చేశారు!

వరండాలోకి వచ్చి బెంగళూరుకి నేనే ఫోన్ చేశాను. "మీరు వస్తేనే ఈ పని. మీ బదులు ఎవరొచ్చినా మాకు అక్కర్లేదు" అన్నారు అక్కడి ప్రొఫెసరమ్మ, వెంటనే హెడ్‌తో కూడా మాట్లాడారు. ఆయన అర్జున్ పేరు తీసి నా పేరు పంపారు. మార్చిన సంగతి మాత్రం మళ్ళీ ప్రేమ్‌కే చెప్పారు.

సాయంత్రం నేను ఇంట్లోకి అడుగుపెడుతుంటే టీ తాగుతూ అడిగాడు. "మీ హెడ్డు ఫోన్ సేసేడు. నువ్వు ఎల్తన్నావంట, ఏటిది?"

"నన్నడక్కుండా నాకు కుదరదని ఎలా సెప్పేసారు?"

"అడిగితే ఎల్తానంటావని సెప్పేసేను." అబద్ధం ఆడే అవసరం కూడా లేదతనికి. "రింకిది టెన్తు. దాన్నెవలు సూస్తారు?"

"మీరు."

"నాకు సెలవెవడిస్తాడు? మా మేనేజరు సంగతి నీకు తెల్దేటి?"

"మగోణ్ణి పని మానీసి ఇంట్లో కూకోమంటావేటే?" అంది అత్త.

"నా పరీక్షలు నేన్రాసుకుంటాను గానీ, నువ్వు ఎల్లు మమ్మీ" అని లోపల్నుంచి మా అమ్మాయి రింకి కేకేసింది. దాని మాట వీళ్ళెవరికీ వినపడలేదు.

ఇంకా వాదించే ఓపిక నాకు లేదు. ఆ మేనేజరు నంబరు నా దగ్గర ఉంది. ప్రేమ్ ఫోన్ తియ్యనప్పుడల్లా ఆయన నాకే ఫోన్ చేస్తాడు. స్పీకరు పెట్టి కలిపాను.

"నమస్కారం సర్, ప్రేమ్ గారి భార్యని. మా పాపకి పరీక్షలు. నేను బెంగళూరు వెళ్తున్నాను. తిరిగొచ్చేదాకా ఆయనకి సాయంత్రం డ్యూటీ కుదరదు. పరీక్షలప్పుడు సెలవు కూడా కావాలి."

ప్రేమ్ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. "వాసవీ, ఏటి సేస్తన్నావ్!" అన్నాడు గొంతు తగ్గించి.

"అదేంటి మేడమ్... ఈ సంగతి ప్రేమ్ చెప్పాలి కదా? ముందు అతన్ని అడగాలి" అన్నాడు అవతల మేనేజరు.

"అక్కర్లేదు సర్" అన్నాను. "మా ఇంట్లో ఎవరి ఉద్యోగం సంగతి వాళ్ళని అడిగే అలవాటు లేదు."