రెండో స్లాట్‌లోని కార్డు

టీవీకి తగిలించి వీడియోగేములు ఆడే ప్లేస్టేషన్ డిస్కులు చదవడం మానేసిన రోజు, అక్క ఇంటికొచ్చేదాకా డేనియల్ ఎవరితోనూ మాట్లాడలేదు. హాస్పిటల్లో నర్సు డ్యూటీ ముగించుకుని ఇంటికొచ్చిన ఎస్తేరు, తమ్ముడి ముఖం చూడగానే ముందు ఊపిరి మిషన్ దగ్గరికి వెళ్లింది. అది మామూలుగానే నడుస్తోంది. ముక్కు మీద మాస్కు సరిగ్గానే ఉంది. వేలికి క్లిప్పు తగిలించి చూసింది. ఆక్సిజన్ కూడా బాగానే ఉంది.

"ఏవైందిరా?" అంది.

"దాని లెన్స్ పోయినట్టుందక్కా. పొద్దుట్నించీ నాన్న డిస్కు తీసి పెడతానే ఉన్నాడు. గిర్రున తిరుగుద్ది, ఆగిపోద్ది."

తండ్రి యోహాను గుమ్మం పక్క కుర్చీలో కూర్చుని మోకాలు రుద్దుకుంటున్నాడు. "మెత్తటి గుడ్డతో తుడిచి కూడా చూశానమ్మా," అన్నాడు, తప్పు తనదైనట్టు.

వాళ్లది గుడివాడ దగ్గరి కుటుంబం. యోహాను తండ్రి రైల్వే పనికని రాయపూర్ వచ్చి వ్యాగన్లు బాగుచేసే కార్ఖానాలో చేరాడు. యోహాను కూడా అక్కడే ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. డేనియల్‌ది కండరాలు క్రమంగా కరిగిపోయే జబ్బు. పదో ఏట నడక ఆగిపోయింది. సందులో పిల్లలు క్రికెట్ ఆడుతుంటే కిటికీ మూసేయమని కొడుకు అడగడం యోహాను భరించలేకపోయాడు. ఆ ఏడాదే ప్లేస్టేషన్ కొన్నాడు. ఇప్పుడు డేనియల్‌కి ఇరవై నాలుగు. తల్లి హెలెన్ బతికి లేదు. మెడ, కుడి బొటనవేలు, ఎడమచేతి రెండు వేళ్లు తప్ప మిగతా ఒళ్లేదీ అతని మాట వినదు. యోహాను ప్లైవుడ్ ముక్క కోసి ఒళ్లో ఇమిడేలా చిన్న బల్ల చేసిచ్చాడు. దాని మీద జాయ్‌స్టిక్ ఆనించుకుని డేనియల్ క్రికెట్ ఆడతాడు. రోజులో ఎవరి సాయం లేకుండా అతను చేసుకునే పని అదొక్కటే.

మర్నాడు పండ్రీ బజారు నుంచి ఉమేష్ వచ్చాడు. ఒకప్పుడు వీడియోగేమ్ పార్లర్ నడిపి, ఇప్పుడు ఫోన్లు బాగుచేసుకుంటున్న మనిషి. మూత విప్పి చూసి తల అడ్డంగా ఊపాడు.

"లెన్స్ గయా దీదీ. నయా నహీ మిలేగా."

లెన్స్ పోయిందని, కొత్తది దొరకదని డేనియల్‌కి ముందే తెలుసు. రాత్రంతా ఫోన్లో అవే వీడియోలు చూశాడు. తన డిస్కుల్ని కంప్యూటర్లోకి కాపీ చేసుకుని, ఆ కాపీల్ని డిస్కు లేకుండానే ఆడొచ్చు. అయితే ఆ కాపీలు దేంట్లో పెట్టాలన్నదే ప్రశ్న. పాత లావు మోడలైతే లోపలే హార్డ్ డిస్కు బిగించొచ్చు. వీళ్లది సన్న మోడల్, దాని పొట్టలో చోటు లేదు.

"పెన్‌డ్రైవ్‌తో మొదలుపెడదాం అక్కా," అన్నాడు డేనియల్. "స్లో అంటన్నారు. కానీ పని చేస్తది."

"ఆ క్రికెట్టేగా ఆడేది. దానికింత అవసరమా? కొత్తది వేరేది కొందాం."

"కొత్తవాటి జాయ్‌స్టిక్కులు బరువు. నా వేలికి ఇదే అలవాటు. ఇంకోటి. గేమ్ మార్చాల్సినప్పుడల్లా నాన్న కింద కూర్చుని లేవలేక లేవలేక లేస్తన్నాడు. కాపీలైతే పేర్లన్నీ స్క్రీన్ మీదే వస్తాయి. నేనే ఎంచుకుంటా. ఎవర్నీ పిలవక్కర్లేదు."

ఎస్తేరు తన పాత కంప్యూటర్ దుమ్ము దులిపింది.

గీతలు పడినా డిస్కుల్లో చాలామటుకు కంప్యూటర్లో చదివించగలిగారు. నర్సింగ్ చదివే రోజుల్లో ఎస్తేరుకి కొన్న పాత కంప్యూటర్ అది. ఉమేష్ పెన్‌డ్రైవ్ సిద్ధం చేసి, డిస్కు లేకుండా గేములు తెరిచే ప్రోగ్రామ్ ఎక్కించిన మెమరీ కార్డు ప్లేస్టేషన్ మొదటి స్లాట్‌లో పెట్టి వెళ్లాడు. టీవీలో గేముల పేర్లు వరసగా వచ్చాయి. ఆ సాయంత్రం డేనియల్ ఏదీ ఆడలేదు. బొటనవేలితో ఆ పేర్ల మీదుగా కిందికి దిగాడు, పైకి ఎక్కాడు, మళ్లీ దిగాడు. యోహాను వెనక నిలబడి చూస్తూ ఉండిపోయాడు.

కానీ ఆట సాగలేదు. కామెంటరీ నత్తినత్తిగా వచ్చేది. బౌలర్ పరిగెత్తుకొస్తూ మధ్యలో బిగుసుకుపోయి, చటాలున బంతి వేసేవాడు. మామూలు మనిషైతే సర్దుకునేవాడేమో. డేనియల్ వేలికి ఒక్క నొక్కుకే బలముంది. ఆ నొక్కు తప్పితే వికెట్ పోయినట్టే. రెండు రోజులు ఓర్చుకుని, మూడో రోజు జాయ్‌స్టిక్ తీసేయమన్నాడు.

"కంప్యూటర్ నుంచి కేబుల్ లాగుదాం. అన్నిటికంటే అదే బెస్టంట."

నిజంగానే బాగుంది. గేములు కంప్యూటర్లో ఉంటాయి, కేబుల్ గుండా ప్లేస్టేషన్‌కి వస్తాయి. బంతి ఎక్కడా ఆగి ఆగి రాలేదు. డేనియల్ కొత్త టోర్నమెంట్ మొదలుపెట్టాడు. ఆ వారమంతా ఇంట్లో స్టేడియం హోరే. ఎస్తేరు డ్యూటీ నుంచి వచ్చేసరికి స్కోరు చెప్పడానికి ఎదురుచూస్తుండేవాడు.

మే నెల మధ్యలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఎండాకాలం అది మామూలే, ఊపిరి మిషన్ కోసమే ఇన్వర్టర్ పెట్టించారు. కంప్యూటర్, టీవీ కూడా అదే బోర్డుకు ఉన్న సంగతి ఎవరికీ తట్టలేదు. యోహాను పక్కగదిలో పడుకున్నాడు. ఇన్వర్టర్ లోడు తట్టుకోలేక కూత పెట్టి చచ్చింది. టీవీ ఆరిపోయింది, ఊపిరి మిషన్ ఆగిపోయింది. కేకేసేంత గాలి డేనియల్ దగ్గర లేదు. కూత విని యోహాను లేచి వచ్చేసరికి పెదాలు నీలం తిరిగి ఉన్నాయి. కూతురు నేర్పినట్టే మాస్కు ఊడదీసి, చేత్తో నొక్కే గాలి సంచి ముఖానికి ఆనించి నొక్కుతూ కూర్చున్నాడు. కరెంటు వచ్చేదాకా నొక్కుతూనే ఉన్నాడు.

ఎస్తేరు వచ్చి సంగతి విని, కేబుల్ లాగేసి చుట్టచుట్టింది.

"తీసేయకక్కా."

"నోర్ముయ్."

"కరెంట్ పోగానే కంప్యూటర్ ఆపేస్తే చాలు."

"ఎవరు ఆపుతారు? నువ్వు లేచి ఆపుతావా?"

ఆ మాట అనేశాక ఎస్తేరు ఇక అక్కడ నిలబడలేకపోయింది. వంటగదిలోకి వెళ్లి పంపు తిప్పి వదిలేసింది. తిరిగొచ్చేసరికి డేనియల్ గోడకేసి చూస్తున్నాడు.

"మిషన్ ఆగితే నాన్న ఉన్నాడక్కా, సంచి నొక్కుతాడు," అన్నాడు నెమ్మదిగా. "ఆట ఆగిపోతే నాకు ఇంకేముంది, చెప్పు."

ఎస్తేరు మంచం అంచున కూర్చుని అతని చెయ్యి ఒళ్లోకి తీసుకుంది. "ఇంకో దారి లేదా? కరెంటు తినంది?"

ఉంది. మెమరీ కార్డు పెట్టే రెండో స్లాట్‌లో పట్టే చిన్న అడాప్టర్ ఒకటి ఉందని, అందులో ఫోన్లో వేసేలాంటి కార్డు పెడితే పెన్‌డ్రైవ్ కంటే వేగంగా నడుస్తుందని డేనియల్ చెప్పాడు. కంప్యూటర్ అక్కర్లేదు. కాకపోతే అది ఇక్కడ దొరకదు, బయటి దేశం నుంచి రావాలి. ఎన్నాళ్లు పడుతుందో తెలీదు.

"రానీ. ఆగలేవా?"

"ఆగుతాలే," అన్నాడు.

ఆ అడాప్టర్ వచ్చేలోగా వానలు మొదలయ్యాయి. జలుబుతో మొదలై న్యుమోనియా పట్టుకుంది. డేనియల్‌ని ఎస్తేరు పనిచేసే హాస్పిటల్లోనే చేర్చారు. తన డ్యూటీ అయిపోయాక కూడా ఆమె ఐసీయూలో అతని మంచం దగ్గరే ఉండిపోయేది. పది రోజులకు ప్రాణంతో ఇంటికి తెచ్చుకున్నారు. తెచ్చుకున్న మనిషి సగమే.

అడాప్టర్ అప్పటికే వచ్చి బల్ల మీద ఉంది. ఉమేష్ వచ్చి కార్డులో గేములన్నీ ఎక్కించి రెండో స్లాట్‌లో పెట్టాడు. బంతి ఆగకుండా పరిగెత్తింది, కామెంటరీ తడబడలేదు. "ఏక్‌దమ్ మక్ఖన్," వెన్నలా జారిపోతోందని ఉమేష్ సంతోషపడి జాయ్‌స్టిక్ తెచ్చి డేనియల్ బల్ల మీద పెట్టాడు.

డేనియల్ బొటనవేలు బటన్ మీద పెట్టాడు. అది కదల్లేదు. ఇంకోసారి ప్రయత్నించాడు. నుదుటి మీద చెమట పట్టింది, బటన్ మాత్రం దిగలేదు. ఉమేష్ తల వంచుకుని వైర్లు సర్దుతున్నట్టు నటించాడు.

"కొన్నాళ్లకి బలం వస్తదిలే," అంది ఎస్తేరు. ఒకసారి పోయిన బలం ఆ జబ్బులో తిరిగి రాదని ఆమెకి తెలుసు. డేనియల్‌కీ తెలుసు.

అప్పుడు యోహాను కుర్చీ లాక్కుని మంచం పక్కకి వచ్చాడు. బల్ల మీంచి జాయ్‌స్టిక్ తీసుకున్నాడు. ఇన్నేళ్లలో ఆయన దాన్ని తుడవడానికీ, కొడుకు బల్ల మీద పెట్టడానికీ తప్ప ముట్టుకున్నది లేదు.

"ఏది నొక్కాలో చెప్పరా," అన్నాడు.

"నీ వల్ల కాదు నాన్నా."

"చెప్పు ముందు."

మొదట్లో ప్రతి బంతికీ అవుటే. సుత్తీ పానా పట్టిన మొద్దు వేళ్లు ఒక బటన్ నొక్కబోతే రెండు పడేవి. డేనియల్ విసుక్కునేవాడు, తర్వాత నవ్వేవాడు, నవ్వితే దగ్గొచ్చేది. మెల్లగా ఇద్దరికీ కుదిరింది. కొడుకు కళ్లు బౌలర్ మీద, తండ్రి చెవి కొడుకు గొంతు మీద.

"ఆగు. ఆగు. కొట్టు."

యోహాను కొట్టేవాడు. బంతి తాడు దాటితే ముందు కొడుకు వైపు చూసేవాడు, తర్వాతే టీవీ వైపు.

దసరా వెళ్లేసరికి ఆ మాట కూడా కష్టమైంది. డేనియల్ నాలుకతో చిన్నగా 'టక్' మనేవాడు. యోహానుకి అది చాలు. ఆదివారాలు చర్చి నుంచి పాస్టర్‌గారు ప్రార్థనకి వచ్చినప్పుడు, తలుపు బయటే నిలబడి ఓవర్ అయ్యేదాకా ఆగేవారు. అలా ఆడి ఆడి సెమీఫైనల్ గెలిచారు. ఆ రాత్రి డేనియల్ అలసిపోయి, ఫైనల్ రేపు ఆడదాం అన్నట్టు కళ్లతో సైగ చేశాడు. యోహాను సేవ్ చేసి ఆపేశాడు.

మర్నాడు జ్వరం తగిలింది. ఈసారి హాస్పిటల్ వద్దని కళ్లతోనే చెప్పాడు. నవంబరు చివర, పొద్దున్నే, అక్క చేతిలో చెయ్యి ఉండగా ఊపిరి ఆగిపోయింది. మిషన్ ఇంకా గాలి కొడుతూనే ఉంటే ఎస్తేరే స్విచ్ ఆపింది.

సమాధి కార్యక్రమం అయిపోయింది, చుట్టాలు వెళ్లిపోయారు. మంచం తీసేశారు. ప్లేస్టేషన్ టీవీ కింద అలాగే ఉంది. దాన్ని ఉమేష్‌కి ఇచ్చేద్దామా అని ఎస్తేరు అడుగుదామనుకుంది, కానీ అడగలేదు.

ఒక సాయంత్రం ఆమె డ్యూటీ నుంచి వచ్చేసరికి టీవీలో స్టేడియం కనబడింది. యోహాను కుర్చీలో ముందుకు వంగి జాయ్‌స్టిక్ పట్టుకుని ఉన్నాడు. ఫైనల్ ఆడుతున్నాడు. ఎప్పుడు కొట్టాలో ఆయనకి తెలియడం లేదు. బంతి దాటిపోయాక నొక్కుతున్నాడు, లేదా రాకముందే నొక్కుతున్నాడు. వికెట్లన్నీ టపటపా పోయాయి. ఎస్తేరు చెప్పులు విప్పడం మర్చిపోయి అలాగే నిలబడిపోయింది.

"ఓడిపోయామమ్మా," అన్నాడు యోహాను. స్క్రీన్ మీద ఏదో ప్రశ్న వచ్చింది. కళ్లద్దాలు పైకి జరుపుకుని చూశాడు. "ఏవంటంది?"

"సేవ్ చెయ్యమంటావా అంటంది నాన్నా."

"చేస్తే?"

"ఫైనల్ అయిపోయినట్టు రాసుకుంటది."

యోహాను చాలాసేపు ఆ ప్రశ్నకేసి చూశాడు. కన్నీళ్లు కారి మీసంలో ఇంకిపోతున్నాయి, తుడుచుకోలేదు.

"వద్దు," అన్నాడు. "వాడు ఆపిన కాడే ఉండనీ."

ఎస్తేరు ఆయన చేతిలోంచి జాయ్‌స్టిక్ తీసుకుని 'వద్దు' నొక్కింది.

అప్పట్నుంచీ యోహాను దాదాపు ప్రతి సాయంత్రం ఆ ఫైనల్ ఆడతాడు. ఎస్తేరు టీ పెట్టి పక్కన కూర్చుంటుంది, ఎప్పుడు కొట్టాలో ఆమెకీ తెలీదు. చలికాలం వెళ్లేలోపు ఆయన ఒకసారి గెలిచాడు కూడా. కప్పు ఎత్తుకుని ఆటగాళ్లు మైదానం చుట్టూ తిరుగుతుంటే తండ్రీకూతుళ్లు చివరిదాకా చూశారు. తర్వాత ఆ ప్రశ్న వచ్చింది. అప్పుడూ ఆయన సేవ్ చెయ్యలేదు.