దొర తిన్న చీజు బన్నులు

ఆ ఇంట్లో కుక్కకు దొర అని పేరు పెట్టింది మామగారే. పిల్లగా తెచ్చిన రోజున అది గదులన్నీ నింపాదిగా తిరిగి చూసి, ఉన్నవాటిలోకెల్లా మెత్తటి కుర్చీ ఎక్కి కూర్చుంది. "వేంచేశారండీ దొరవారు," అన్నాడాయన. ఆ పేరే ఖాయమైపోయింది.

ఆయన బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఒకప్పుడు ఆయన గొంతు విప్పితే వీధి చివర నిద్రపోతున్నవాళ్లు కూడా లేచి కూర్చునేవాళ్లు. ఈమధ్య అది బాగా బొంగురుపోయింది. ఏమిటని కోడలు అడిగితే, "జీవితమంతా అరిచానుగా అమ్మా, దానికీ రిటైర్మెంటు ఇచ్చేశా," అని నవ్వించి తప్పుకునేవాడు.

కోడలు పనిచేసేది బేకరీలో. తెల్లవారకముందే వెళ్లి, పిండి కలిపి, ముద్దలు చేసి, ట్రేలు పొయ్యిలోకి తోసి, మధ్యాహ్నానికల్లా జుట్టునిండా పిండితో ఇల్లు చేరేది. అత్తగారు పోయిన దగ్గర్నుంచి ఆమెకు మామగారి తిండి ఒక బెంగ. ఏం వండిపెట్టినా కెలికి వదిలేసేవాడు. ఒకరోజు బేకరీలో మిగిలిన చీజు బన్నులు రెండు తెచ్చి వేడిచేసి ఇచ్చింది. ఉల్లిపాయ ముక్కలు, వెల్లుల్లి వెన్నలో మగ్గించి లోపల కూరి, పైన చీజు కరిగి కారేదాకా కాల్చిన బన్నులవి. ఆయన పళ్లెం తన గదిలోకి తీసుకువెళ్లాడు. తిరిగి వచ్చిన పళ్లెంలో పొడి కూడా లేదు.

ఆమెకు ప్రాణం లేచివచ్చింది. ఆరోజు నుంచి బేకరీ సంచి లేకుండా ఇంటికి వచ్చింది లేదు. బలం పడుతుందని పైన ఇంకొంచెం చీజు తురిమి మరీ పెట్టేది. "నా చేతి మహిమ," అని మొగుడి దగ్గర గొప్పలు పోయేది కూడా. అతను డెలివరీ వ్యాను నడుపుతాడు. ఇంట్లో ఏం జరుగుతోందో అతనికి తెలిసేది ఆమె చెబితేనే.

ఈలోపు దొర ఒళ్లు చేసింది. మెట్లెక్కడానికి ఆయాసపడేది. వయసు మీదపడుతోందిలే అనుకున్నారు.

ఒక ఆదివారం పొద్దున వంటింట్లో అది అదేపనిగా కక్కుకోవడం మొదలుపెట్టింది. కడుపులో ఏమీ మిగలకపోయినా డోకు ఆగలేదు. తర్వాత ముందుకాళ్లు నేలకు ఆనించి, వెనక భాగం పైకెత్తి అలాగే ఉండిపోయింది. కోడలు పొట్ట మీద చెయ్యి వేసిందో లేదో, కీచుమని అరిచింది.

"ఏం పెట్టావు దీనికి?" అన్నాడు మొగుడు.

"నేనేం పెడతాను? దాని ప్యాకెట్టు గింజలే దానికి వేశాను."

"రోజూ బేకరీ నుంచి మోసుకొస్తున్నావుగా సంచులకు సంచులు."

"అవి మావయ్యకి! ఎంగిలి ముక్క కూడా మిగల్దు, తెలుసా?" అని ఆమె కసిరి, గుమ్మంలో నిలబడ్డ మామగారి వైపు తిరిగింది. "మావయ్యా, మీరేమైనా పెట్టారా?"

ఆయన కుక్కనే చూస్తున్నాడు. "నేనా? లేదమ్మా," అన్నాడు.

దొరను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే వ్యానులో మాత్రం ఆయన ఎవరు వద్దన్నా వినకుండా ఎక్కి, దొర తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

పశువుల డాక్టరమ్మ సూటిగా మాట్లాడే మనిషి. దొర పొట్ట నొక్కి చూసింది, రక్తం తీయించింది, స్కాను చేసింది. "క్లోమం వాచింది. కొవ్వు ఎక్కువున్న తిండి తింటే తరచూ ఇలా అవుతుంది. ఏం పెడుతున్నారు?"

"గింజలే అండీ," అంది కోడలు.

"చూడండమ్మా, నేను పోలీసుని కాను. ఏం తిందో చెబితే ఏం చెయ్యాలో నాకు తెలుస్తుంది. ఉల్లి, వెల్లుల్లి లాంటివి పడ్డాయా? వాటివల్ల కుక్కకి రక్తం కూడా దెబ్బతింటుంది. అదొకటి విడిగా చూడాలి నేను."

గోడవారగా కూర్చున్న మామగారు లేచి నిలబడ్డాడు. "చీజు బన్నులండీ. ఉల్లిపాయ, వెల్లుల్లి ఉన్నవే. రోజూ పెట్టాను."

"ఎంత పెట్టారు?"

"మొత్తం."

కోడలికి ఆ మాట ఒక పట్టాన బుర్రకెక్కలేదు. "మొత్తం అంటే? మరి మీరు?"

డాక్టరమ్మ ఒక్క క్షణం ఇద్దరినీ చూసి, "ఉత్త చీజు గోరంత పెడితే చాలా కుక్కలకి ఏమీ కాదండీ. కొన్నిటికి అదీ పడదు. మీరు పెట్టింది ముక్క కాదు, పూట భోజనం. కొవ్వు, ఉప్పు, పైన ఉల్లి, వెల్లుల్లి. ఇక్కడే ఉంచండి, సెలైను ఎక్కించాలి. బతుకుతుందనే అనుకుంటున్నా గానీ ఇప్పుడే మాట ఇవ్వలేను," అంది.

మొగుడు కౌంటరు దగ్గరికి వెళ్లాడు. బయట బల్ల మీద మామా కోడళ్లు మిగిలారు.

"నచ్చకపోతే నచ్చలేదని చెప్పొచ్చుగా మావయ్యా," అంది. గొంతులో కోపం దాచుకోలేదు. "ఆ మూగజీవి ఏం చేసింది మిమ్మల్ని?"

"పాలేగా, చీజేగా, ఏమవుతుందిలే అనుకున్నా. అదేమో తోక ఊపుకుంటూ తినేది." ఆమె వైపు తిరిగి, "నచ్చక కాదమ్మా. దిగట్లేదు," అన్నాడు.

"ఏంటి దిగట్లేదు?"

ఆయన రొమ్ము మీద వేలు పెట్టి చూపించాడు. "ముద్ద ఇక్కడికొచ్చి ఆగిపోతోంది. మొదట్లో నీళ్లు తాగితే జారేది. ఇప్పుడు నీళ్లని కూడా బతిమాలుకోవాల్సి వస్తోంది."

"ఎప్పట్నుంచి?"

"మీ అత్తయ్య పోయాక. కొన్నాళ్లకి."

"ఇన్నాళ్లూ నోరు విప్పలేదేంటి?"

"చెబితే ఆస్పత్రి అంటావు. అక్కడ దానికో పేరు పెడతారు. పేరు పెట్టాక ఇంక నేనంటే ఆ జబ్బే అయిపోతుంది ఇంట్లో అందరికీ. నువ్వేమో ఖాళీ పళ్లెం చూసి చిన్నపిల్లలా సంబరపడేదానివి. ఎలా చెప్పమంటావు?"

ఆయన చొక్కా కాలరు మెడ చుట్టూ వేలాడటం ఆమె చూడకపోలేదు. ప్యాంటు నడుము దగ్గర లోపలికి మడిచి కుట్టింది కూడా తనే. కుడుతూ కుడుతూ, మనిషి ఎందుకు తగ్గుతున్నాడని ఒక్కసారి అనుకుని ఉంటే! రోజూ అన్ని బన్నులు తినే మనిషికి నడుము ఎందుకు జారుతుందని? అనుకోలేదు. ఖాళీ పళ్లెం కనబడితే చాలు, ఇంకేదీ చూడాలనిపించలేదామెకి.

"దాన్ని చంపుకునేవాళ్లం మావయ్యా," అంది చివరికి. "దాంతోపాటు మిమ్మల్నీ." చెప్పి, పిండి మరకల చున్నీతోనే మొహం తుడుచుకుంది. ఆయన ఆమె భుజం తట్టబోయి, ఏమనుకున్నాడో, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మర్నాడు బేకరీకి సెలవు పెట్టి ఆయన్ని పెద్దాస్పత్రికి తీసుకెళ్లింది. గొట్టం దింపి చూశారు. అన్నవాహికలో గడ్డ ఉందన్నారు, ముక్క తీసి పరీక్షకు పంపారు. ఆయన భయపడ్డ పేరే వచ్చింది. ముందే వచ్చి ఉంటే పని తేలికయ్యేదని డాక్టరు అన్నప్పుడు మొగుడు పెళ్లాం వైపు చూశాడు. ఆమె కూడా అతని వైపు అదే చూపు చూసింది.

దొర కొన్నాళ్లకు ఇంటికి వచ్చింది. రక్తం దెబ్బతిన్నది కొంచెమేనని, కోలుకుంటుందని డాక్టరమ్మ చెప్పింది. కొవ్వు తీసేసిన ఉడకబెట్టిన మాంసం, అదీ కొద్దికొద్దిగా పెట్టమంది. చీజు పేరెత్తొద్దంది. ఒకసారి వాచిన క్లోమం మళ్లీ వాచడానికి పెద్ద కారణం అక్కర్లేదట.

మామగారికి వైద్యం మొదలైంది. మింగుడు పడటానికి లోపల చిన్న గొట్టం అమర్చారు. కోడలు కూరగాయలు ఉడికించి, మెత్తగా రుబ్బి, వడగట్టి సూపు చేసేది. గిన్నె చేతికిచ్చి వెళ్లిపోయేది కాదు. ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేది.

"జైలు వార్డెనులా ఏంటమ్మా ఈ కాపలా?" అన్నాడాయన ఒకరోజు.

"అవును. మింగండి."

"దిగిందిలే."

"దిగలేదు. నాకు కనబడుతోంది."

ఆయన నవ్వబోతే దగ్గు వచ్చింది. దగ్గు తగ్గేదాకా ఆగి, ఇంకో చెంచా తీసుకున్నాడు. కొన్ని పూటలు గిన్నె సగందాకా దిగేది, కొన్ని పూటలు రెండు చెంచాలతో సరి. ముందు ముందు ఎలా ఉంటుందని అడిగితే డాక్టర్లు చూద్దాం అంటున్నారు తప్ప తేల్చి చెప్పడం లేదు. ఆమెకు ఎవరి మాట మీదా నమ్మకం కుదరడం లేదు, ఆయన మాట మీద అసలే లేదు. ప్రతి గుటకకీ ఆయన కంఠం కదిలి కిందికి జారేదాకా ఆమె చూపు అక్కడే ఉంటోంది.