పిసకని పిండి

"పిండి పిసకకుంటే అది రొట్టె ఎట్లయితదే?" అని అడిగింది అత్తమ్మ. అప్పుడు నేను గిన్నెలో పిండి, ఉప్పు, చిటికెడు ఈస్ట్ వేసి, నీళ్ళు పోసి, చెంచాతో కలిపి మూత పెడుతున్నాను. పొద్దున్నకి అదే పొంగుతుంది, ముట్టుకోవద్దు అన్నాను. ఆమె నన్ను చూసిన చూపు చూడాలి, ఇంట్లో దొంగతనం చేస్తూ పట్టుబడ్డానేమో అన్నట్టు. మా అత్తమ్మ బాలవ్వ సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి, లింబాయత్‌లో ఇవే రెండు గదుల్లో జీవితమంతా జొన్నరొట్టెలు కొట్టిన మనిషి. ఆడదాని చెయ్యి నొయ్యకుండా తయారైన తిండి తిండే కాదని ఆమె నమ్మకం. అది ఆమె ఒక్కదాని నమ్మకమే అయితే నాకింత కోపం వచ్చేది కాదు.

నా కుడి మణికట్టు సంగతి చెప్పాలి. మార్కెట్ నుంచి చీరల కట్టలు ఇంటికొస్తాయి. వాటి వెనక వేలాడే దారాలు కత్తిరించి ఇవ్వాలి, ధాగా కటింగ్ అంటారు ఇక్కడ. మా గల్లీలో ఆడవాళ్ళందరిదీ అదే పని. పొద్దంతా కత్తెర, రెండు పూటలా రొట్టెలు. జొన్నపిండిని వేణ్ణీళ్ళతో పిసికి అరచేత్తో కొట్టీ కొట్టీ, చివరికి బొటనవేలి కింద నరం పట్టేసి నీళ్ళ గ్లాసు కూడా పట్టుకోలేకపోయాను. డాక్టరమ్మ పట్టీ కట్టింది. పిసకడం, పిండడం బంద్ చెయ్యి, లేకపోతే ఆపరేషన్ తప్పదు, ఆ తర్వాత కూడా వేలు మునుపట్లా ఆడుతుందని నేను మాటివ్వలేను అంది. ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే మా ఆయన టీవీ మీది నుంచి కళ్ళు కూడా తిప్పలేదు. "డాక్టర్లు గట్లనే అంటరు. ఇంట్ల కూసొని చేసే పనికి నొప్పేంది?" అన్నాడు. ఆయన ఖటోదరాలో పవర్‌లూమ్ మాస్టర్. అక్కడ ఏ మగ్గమైనా కాస్త కీచుమంటే చాలు, తింటున్న అన్నం వదిలేసి పరుగెత్తుతాడు, ఆపి నూనె పోసేదాకా ఊపిరి పీల్చుకోడు. నా చెయ్యి మగ్గం కాదు కదా, దానికెవరు పరుగెత్తుతారు?

పై అంతస్తు ఊర్మిళాబెన్ నా పట్టీ చూసి తిట్టింది. ఎందుకిలా చస్తావు అని ఫోన్‌లో ఈ రొట్టె వీడియో చూపించి, గుజరాతీలు హాండ్వో అనే పప్పురొట్టె కాల్చుకునే తన పాత కుక్కర్ ఇచ్చేసింది. అడుగు పళ్ళెంలో ఇసుక పోసి పొయ్యి మీద పెడితే చాలు, ఓవెన్ అక్కర్లేదు. మొదటి రోజు మూత తీసినప్పుడు ఎర్రగా కాలి, పైన పగిలి, చల్లారుతూ చిటపటమన్న ఆ రొట్టెను చూసి నాకు నవ్వొచ్చింది. నా చేతిని బాధపెట్టకుండా నేను చేసిన మొదటి తిండి అది. ఎంత సంబరపడ్డానో చెప్పలేను. అమ్మ బతికుంటే ఫోన్ చేసి చెప్పేదాన్ని.

మా ఆయన దాన్ని వేలితో టకటకా కొట్టి చూసి, దీంతో గోడకు మేకు కొట్టొచ్చన్నాడు. అంటూనే మూడు ముక్కలు తిన్నాడు. తిని, "సోమరిపోతుల రొట్టె" అని పేరు పెట్టాడు. అత్తమ్మ ఆ మాటకు వారం రోజులు నవ్వింది. నేను మాత్రం పూటకు కొన్ని జొన్నరొట్టెలైనా తప్పాయని, తిట్టుకుంటూనే ఓర్చుకున్నాను.

ఆదివారం మటన్ వండాను. మా పద్మశాలి సంఘం కార్యదర్శి పరమేశ్వర్ భోజనానికి వచ్చాడు. కూరలో ఈ రొట్టె ముంచుకుని తిని, హోటల్‌లో కూడా ఇలాంటిది దొరకదు వదినా అన్నాడు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన ఛాతీ విరిచాడు. "గిండ్ల పనేమున్నది తమ్మీ. పిసుకుడు లేదు, కొట్టుడు లేదు. పిండి దానంతటదే అయితది. ఈసారి సంఘం బంతిభోజనాలకు రొట్టెలు మా ఇంటినుంచే" అన్నాడు. నన్ను ఒక్క మాట అడిగితే ఒట్టు. పరమేశ్వర్ వెళ్ళగానే, రొట్టె పని సులువైంది కనుక రాత్రికి జొన్నరొట్టెలు చెయ్యడానికి ఏం తక్లీఫ్ అని కూడా అడిగాడు.

పని లేదట! సూరత్ ఉక్కకి పిండి ఊరికే పులిసిపోతుంటే చల్లటి మూల వెతికి పెట్టేదెవరు? బంకలా అంటుకున్న గిన్నె తోమేదెవరు? ఇసుకతో సహా ఆ కుక్కర్‌ని ఎత్తితే మణికట్టు నొప్పి మోచేతి దాకా పాకుతుంది, అది ఎవరి చెయ్యి? సంఘం బంతికి ఈ చుట్టుపక్కల గల్లీలన్నీ వస్తాయి. కుక్కర్‌లో పట్టేది ఒక్కసారికి ఒక్క రొట్టె. అన్ని రొట్టెలు ఎత్తీ దించీ చేశాక నా బొటనవేలు నాకు మిగలదు. కష్టపడి చేస్తే అది ఆడదాని బాధ్యత, కష్టం తగ్గించుకుంటే అది అసలు పనే కాదు. ఎటు తిరిగినా నేను చేసిందేమీ లేదు. ఒళ్ళు మండిపోయింది నాకు. ఆ మంటతోనే రాత్రికి జొన్నరొట్టెలు కూడా కొట్టాను చూడండి, నా మీద నాకు ఇంకా అసహ్యం అందుకే.

బుధవారం సాయంత్రం మా ఆయన అన్నం తింటున్నాడు. ఆయన ఫోన్ మోగితే, ఎంగిలి చెయ్యి అని నన్ను ఎత్తమని సైగ చేశాడు. స్పీకర్ నొక్కాను. పరమేశ్వర్. సంఘం గ్రూపులో వంటల సంగతి పెడుతున్నాడట, రొట్టెలు ఎవరు చేస్తున్నారని రాయమంటారు వదినా అన్నాడు. మా ఇంట్ల అని చెప్పు అన్నట్టు ఆయన గడ్డం ఊపాడు.

మాలో మొగుడి పేరు పలకరు. పలికితే ఆయుష్షు తగ్గుతుందని నా పెళ్ళినాడే అత్తమ్మ చెవిలో చెప్పింది. ఆసుపత్రిలో మొగుడి పేరేమిటని అడిగితే ఆధార్ కార్డు ముందుకు తోస్తాను. ఇన్నేళ్ళలో నిద్రలో కూడా ఆ పేరు నా నోట రాలేదు. ఆయన మాత్రం నన్ను "వినోదా" అని గల్లీ చివరి నుంచి అరుస్తాడు, నా ఆయుష్షుకేమీ కాదు కాబోలు.

"కమలాకర్ చేస్తడన్నా" అన్నాను.

అత్తమ్మ చేతిలోని చెంబు కింద పెట్టేసింది. ఆయన నోట్లోకి పోతున్న ముద్ద అక్కడే ఆగింది.

"నా చెయ్యి బాగలేదన్నా, డాక్టరమ్మ వద్దన్నది. నేను సంఘానికి చెయ్య, ఇంట్ల జొన్నరొట్టెలు గూడ చెయ్య. కమలాకర్‌కు అన్ని తెలుసు. గదే రాయుండ్రి."

పరమేశ్వర్ మెల్లగా, "అన్న ఇంట్ల ఉన్నడా వదినా?" అన్నాడు.

"ఉన్నడు" అని ఫోన్‌ని ఆయన కంచం పక్కన పెట్టి, నేను కూడా కంచం తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాను.