లేని కోపం

దుబాయిలో ఉన్నవాడికి చావు కబురు చెప్పకూడదు. మెట్‌పల్లి చుట్టుపక్కల గల్ఫ్ ఇళ్లలో ఇది శాస్త్రం కన్నా పెద్ద మాట. లింగమూర్తి దుబాయిలో ఉండగా ఇక్కడ అతని తమ్ముడు కొమురెల్లి కామెర్లు ముదిరి పోయాడు. ఆ రోజున పాడె లేవకముందే తల్లి భూమవ్వ పెద్దకోడలు వందన చెయ్యి పట్టుకుంది. అంత కడుపుకోతలోనూ ఆమె అన్నది అదే.

"పెద్దోనికి చెప్పకు బిడ్డా. ఎత్తు బిల్డింగుల మీద పనిజేసెటోడు. గీ మాటింటే కాలు జారుతది. ఉన్న ఒక్కడన్న ఉండనీ."

వందన తలూపింది. ఊపక ఏం చేస్తుంది? మొగుడంటే ఆమెకు ప్రాణం. ఊరు ఊరంతా నోరు కట్టేసుకుంది. అక్కడ అతని పక్కన పనిచేసే సొంతూరివాళ్లకు కూడా ఒట్లు వేయించారు. మంచి పనులకు ఎన్నడూ కలవని ఊరు, చూడండి, దీనికి మాత్రం ఒక్కమాట మీద నిలబడింది!

కానీ లింగమూర్తికి తమ్ముడంటే మామూలు పిచ్చి కాదు. బాపు పోయాక చంకనెత్తుకుని పెంచాడు. ఫోన్ చేస్తే మొదటి మాటే "తమ్మి ఏడి?" అని. పొలం కాడున్నడు, అంగడికి పోయిండు, జర పండుకున్నడు... ఇట్లా ఎన్నాళ్లని చెప్తుంది? ఒకరోజు వందన నోటికి వచ్చింది అనేసింది.

"నీ మీద కోపమొచ్చిందట. మాట్లాడడట."

అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. అయ్యో, అతికినట్టే ఉంది. ఆ అతుకే కొంప ముంచింది.

ఆనాటి నుంచి కొమురెల్లి ఫోనుకు వాట్సాప్‌లో అన్న గొంతు రావడం మొదలైంది. "తమ్మీ, ఏం తప్పు జేసిన్రా? బండి కొనియ్యలేదనా? పోయినసారి నలుగురి ముంగట తిట్టిననా? తప్పైంది, ఒక్క మాట మాట్లాడు." ఫోను కట్టేస్తే అనుమానం వస్తుందని వందనే దానికి చార్జింగ్ పెట్టేది. వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని ఆ మాటలన్నీ వినేది. నిజం చెప్పేద్దామని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో! అతను నిలబడే ఎత్తు గుర్తొచ్చి మింగేసేది.

చివరికి లింగమూర్తి సెలవు మీద వచ్చాడు. తమ్ముడిని బతిమాలుకోవడానికి మంచి గడియారం తెచ్చాడు. గడప దాటగానే గోడ మీద దండ వేసిన తమ్ముడి ఫొటో కనిపించింది. భూమవ్వ నేల మీద కూలబడి కొమురెల్లి ఎట్లా పోయిందీ, కబురు ఎందుకు దాచిందీ చెప్పింది. అతను గడియారం డబ్బా పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. ఏడవలేదు.

ఊళ్లో చావుకు వచ్చినవాడిని ఆడవాళ్లు మెడ పట్టుకుని శోకం తీసి ఏడిపిస్తారు. ఆ శోకాలు ఎప్పుడో అయిపోయాయి. అందరూ ఏడ్చి, కళ్లు తుడుచుకుని, నాట్లకు కూడా పోయారు. ఇప్పుడొచ్చిన వీడితో ఏడవడానికి ఎవరి దగ్గరా కన్నీళ్లు మిగల్లేదు. దుఃఖానికి కూడా తోడు కావాలి మరి! తోడు దొరకని దుఃఖం మనిషిని లోపల్లోపల తినేస్తుంది.

లింగమూర్తిని తినేయసాగింది. తిండి తగ్గింది, నిద్ర పోయింది, మాట పడిపోయినట్టే అయింది. వందన అతన్ని కరీంనగర్ తీసుకుపోయి మనసు డాక్టరుకు చూపించింది. ఆయన గోలీలు రాసి, "మాట్లాడించమ్మా, లోపల ఉన్నది బయటికి రానీ" అన్నాడు.

మరునాడు పొద్దున అరుగు మీద అతని పక్కన కూర్చుంది వందన.

"జర ఏదన్న మాట్లాడు. నన్నన్న తిట్టు."

అతని పెదవులు కదిలాయి. "వానికి నా మీద కోపమెందుకొచ్చింది?"

వందన అతని చెయ్యి పట్టుకుంది. "రాలే! ఎన్నడు రాలే. కోపం మాట నేనే ఉత్తగ చెప్పిన. పాణం పొయ్యేటప్పుడు సుత అన్న, అన్న అనుకుంటనే పోయిండు. అవ్వ తోడు, నిజం."

అది నిజమే. ఆ మాటలు ఆమె చెవులారా విన్నది.

లింగమూర్తి ఆమె వైపు జాలిగా చూశాడు. ఆ కళ్లలో ఇంత కోపమున్నా బాగుండేది. మెల్లగా చెయ్యెత్తి ఆమె తల నిమిరాడు.

"నువ్వు గట్లనే అంటవు," అన్నాడు. "నేను బాధపడుతనని."